పరపతి, మొహమాటం: మాల్టా సింధీ వర్తకులపై వచ్చిన అధ్యయనాల విమర్శ

వ్యాససంగ్రహం:
వలస వ్యాపారులు పరాయి దేశంలో నిలదొక్కుకోవడానికి సొంత మనుషుల అండే కారణమన్న వివరణ సామాజికశాస్త్రాలలో స్థిరపడిపోయింది. ఆ వివరణకు ఆధారం చాలావరకు పెద్ద దేశాల, పెద్ద నగరాల అనుభవం. అతి చిన్న దేశమైన మాల్టాలోని సింధీ వర్తకులపై మార్క్-ఆంథొనీ ఫాల్జన్ చేసిన అధ్యయనాన్ని, అదే దేశంలో జెరెమీ బొయ్‌సెవాన్ చేసిన పరిశోధనతో కలిపి చదివి, ఆ వివరణ ఎక్కడ చాలదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘పరపతి’, ‘మొహమాటం’ అనే తెలుగు మాటలను విశ్లేషణకు పనికివచ్చే భావనలుగా ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వలస వ్యాపారం, సింధీ వర్తకులు, మాల్టా, సామాజిక మూలధనం, పరపతి, మొహమాటం, చిన్న దేశాలు.

ప్రవేశిక

వలస వ్యాపారుల గురించి మన విశ్వవిద్యాలయాల్లో వస్తున్న సిద్ధాంత గ్రంథాలలో ‘సామాజిక మూలధనం’ అనే మాట తరచుగా కనిపిస్తుంది. ఒక వర్గం వారు ఫలానా ఊరిలో ఎందుకు రాణించారు అన్న ప్రశ్నకు, వారికి సామాజిక మూలధనం ఉంది కనుక అన్నది సమాధానం. అది ఉందని ఎలా తెలిసింది అంటే, వారు రాణించారు కనుక. అలెహాండ్రో పోర్టెస్ 1998లో ప్రచురించిన ప్రసిద్ధ సమీక్షా వ్యాసంలో ఈ చక్రదోషాన్ని స్పష్టంగానే ఎత్తిచూపాడు. ఫలితాన్ని బట్టి కారణాన్ని నిర్వచించే పద్ధతి వల్ల ఏ వివరణా పుట్టదన్నది ఆయన అభ్యంతరం. ఆ వ్యాసాన్ని ఉటంకిస్తూనే ఆ దోషాన్ని కొనసాగించడం మన పరిశోధనలో అరుదేమీ కాదు.

ఈ భావనను గట్టిగా పరీక్షించాలంటే దాన్ని పుట్టిన చోటు నుంచి బయటికి తీయాలి. మార్క్ గ్రానొవెటర్ 1973లో ‘బలహీన బంధాల బలం’ గురించి రాసినప్పుడు ఆయన ముందున్నది బోస్టన్ శివారు. అక్కడి ఉద్యోగులకు కొత్త కొలువుల సమాచారం దగ్గరి స్నేహితుల కన్నా, అప్పుడప్పుడూ కలిసే పరిచయస్థుల ద్వారా ఎక్కువగా అందుతున్నదని ఆయన గమనించాడు. దగ్గరివారికి తెలిసినది మనకూ తెలిసే ఉంటుంది, దూరపువారి లోకం వేరు కనుక వారి దగ్గర కొత్త కబురు ఉంటుంది అన్నది ఆ వాదం. మరి ‘దూరపువారు’ అనదగిన మనుషులే దాదాపు లేని దేశంలో ఈ సూత్రం ఏమవుతుంది? 316 చదరపు కిలోమీటర్ల మాల్టాలో ఇరవయ్యో శతాబ్దం చివర ఉన్న జనం నాలుగు లక్షల లోపే. మన లెక్కలో అది ఒక ఓ మోస్తరు పట్టణం. కానీ ఆ పట్టణానికి పార్లమెంటు ఉంది, కస్టమ్స్ శాఖ ఉంది, దిగుమతి లైసెన్సులిచ్చే మంత్రి ఉన్నాడు. చిన్న దేశాల ప్రత్యేకత అంతా ఈ ఒక్క అమరికలో ఉంది.

సింధు తీరపు హైదరాబాద్ నుంచి వలెటా వరకు

హైదరాబాద్ అనగానే మనకు మూసీ తీరం గుర్తుకు వస్తుంది. ఇక్కడ ప్రస్తావనలో ఉన్నది సింధు ప్రాంతపు హైదరాబాద్. 1843లో బ్రిటిష్ వారు సింధును ఆక్రమించుకున్న తరువాత, పాత పాలకుల ఆస్థానాలపై ఆధారపడిన అక్కడి హిందూ వర్తకులు కొత్త కొనుగోలుదారులను వెతుక్కోవలసి వచ్చింది. బొంబాయిలోని ఐరోపావారికి సింధు చేతిపనులు అమ్మడంతో మొదలైన ఈ వ్యాపారానికి ఆ సరుకు పేరే స్థిరపడి, వారిని ‘సింధ్‌వర్కీలు’ అన్నారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక వారి దుకాణాలు పొగ ఓడల దారి పొడవునా వెలిశాయి. తూర్పున సింగపూర్, యొకొహామా, పడమట పోర్ట్ సయీద్, మాల్టా, జిబ్రాల్టర్, ఇంకా అవతల పనామా. ఓడ దిగిన ప్రయాణికుడు, నావికుడు వారి గిరాకీ. జపాను పట్టు, భారతీయ అద్దకం, దంతపు బొమ్మలు వారి సరుకు.

క్లోడ్ మార్కోవిట్స్ 2000లో వెలువరించిన గ్రంథం 1750 నుంచి 1947 వరకు ఈ వర్తకుల చరిత్రను షికార్‌పూర్, హైదరాబాద్ అనే రెండు కేంద్రాల నుంచి చెప్పింది. నాలుగేళ్ల తరువాత వచ్చిన ఫాల్జన్ గ్రంథం 1860 నుంచి 2000 వరకు సాగి, మాల్టా, లండన్, ముంబయి మూడు చోట్లా క్షేత్ర పరిశోధన మీద నిలిచింది. ఫాల్జన్ స్వయంగా మాల్టా దేశస్థుడు. తన దేశపు ప్రధాన వీధిలోని దుకాణదారులను అర్థం చేసుకోవడానికి ముంబయి దాకా వచ్చిన పరిశోధకుడు. ఆ ప్రయాణమే ఆయన పద్ధతికి బలం, నా దృష్టిలో ఒక పరిమితి కూడా.

ఫాల్జన్ సాధించినది

సింధీల వ్యాపార సంబంధాలను ‘జాతి స్వభావం’గా చూడటాన్ని ఫాల్జన్ నిరాకరించాడు. సంబంధం పుట్టుకతో రాదు, దాన్ని నిత్యం పోషించుకోవాలి అన్నది ఆయన గ్రంథం మొత్తానికి ఇరుసు. పెళ్ళిళ్ళకు ఖండాలు దాటి వెళ్ళడం, ఊరు మారిన బంధువు ఇంట్లో బస చేయడం, పిల్లల సంబంధాలు చూసుకోవడం, ఎవరి దుకాణం ఎలా నడుస్తున్నదో మాటల మధ్య తెలుసుకోవడం వంటి రోజువారీ పనులలోనే వ్యాపార సమాచారం ప్రవహిస్తుందని ఆయన చూపాడు. విభజన తరువాత సింధు చేజారినా ముంబయి ఆ ప్రవాహాలకు గుండెకాయలా నిలిచిందన్న ఆయన వాదన ప్రవాస అధ్యయనాలలో విలువైన చేర్పు. మాతృభూమి అంటే పూర్వీకులు వదిలివచ్చిన చోటే కానక్కరలేదని, మనుషులు మళ్ళీ మళ్ళీ కలుసుకునే చోటు కూడా ఆ స్థానం పొందగలదని దీనివల్ల తేలింది.

అయితే దృష్టి అంతా సరిహద్దులు దాటే సంబంధాల మీద ఉండటం వల్ల, దుకాణం గడప ముందరి సంబంధాలకు దక్కిన చోటు తక్కువ. వలెటాలోని సింధీ వర్తకునికి ముంబయిలో మేనమామ ఎంత అవసరమో, రేవులో సరుకు విడిపించే గుమాస్తా, దుకాణం అద్దెకిచ్చిన ఇంటి యజమాని, బ్యాంకు అధికారి, పక్క దుకాణపు మాల్టీయుడు అంతే అవసరం. వీరంతా సింధీలు కారు. కథోలికులు, ఒకే పారిష్‌లో పెరిగినవారు, ఒకరి బాల్యం ఒకరికి తెలిసినవారు. రాబర్ట్ క్లూస్టర్‌మన్, యాన్ రాత్ తదితరులు 1999లో ఆమ్‌స్టర్‌డామ్ వంటి డచ్ నగరాలను చూసి చెప్పినది ఇదే. వలస వ్యాపారి తనవారి మధ్య ఎంత పాతుకొని ఉన్నా, స్థానిక మార్కెట్టు, చట్టం, పాలన వాటిలో కూడా పాతుకోకపోతే దుకాణం నిలవదు. ఫాల్జన్ గ్రంథంలో మాల్టా ఎక్కువగా ఒక మజిలీగా కనిపిస్తుంది. అది ఒక రాజ్యం, పైగా అతి చిన్న రాజ్యం అన్న విషయం వివరణలో భాగం కాలేదు.

స్నేహితుల స్నేహితులు

ఆ ఖాళీని పూరించగల పుస్తకం ఫాల్జన్‌కు మూడు దశాబ్దాల ముందే మాల్టా నుంచే వచ్చింది. బొయ్‌సెవాన్ 1974లో వెలువరించిన ‘స్నేహితుల స్నేహితులు’ వ్యక్తిగత సంబంధాల అల్లికను శాస్త్రీయంగా కొలవడానికి జరిగిన తొలి ప్రయత్నాలలో ఒకటి. అందుకు ఆయన ఎంచుకున్న వ్యక్తులలో ఇద్దరు మాల్టీయులు. వారిలో ఒకరికి తెలిసినవారి జాబితా వెయ్యికి మించి సాగింది. జాబితా పొడవు కన్నా ముఖ్యమైనది ఒక్కో పేరుకు ఉన్న సంబంధాల సంఖ్య. ఒకే మనిషి బంధువు, పూర్వ సహాధ్యాయి, తన పార్టీ కార్యకర్త, తన గ్రామ బ్యాండు క్లబ్బు సభ్యుడు, ఏదో ఒక కార్యాలయంలో అధికారి. మాక్స్ గ్లక్‌మన్ ఆఫ్రికా న్యాయవ్యవస్థల అధ్యయనంలో వాడిన బహుముఖ సంబంధాలు అనే భావన ఇక్కడ ఒక దేశమంతటికీ వర్తించింది.

బర్టన్ బెనెడిక్ట్ 1967లో చిన్న భూభాగాల సమస్యలపై వెలువరించిన సంపుటంలో ఇదే సంగతిని మరో వైపు నుంచి చెప్పాడు. మారిషస్‌లో భారతీయులపై పనిచేసిన అనుభవం ఆయనది. పెద్ద సమాజంలో అధికారి, గుమాస్తా, గిరాకీ అనేవి ముఖం లేని పాత్రలు. చిన్న సమాజంలో ఆ పాత్రలో ఉన్న మనిషి ఎవరన్నదే ముందు కనబడుతుంది. నిబంధన కన్నా మనిషికి బరువు ఎక్కువ.

ఇప్పుడు గ్రానొవెటర్ దగ్గరికి మళ్ళీ వద్దాం. మాల్టాలో పుట్టి పెరిగినవారి మధ్య బలహీన బంధం దొరకడం కష్టం. ఎవరిని కదిపినా రెండో మెట్టులో బంధుత్వమో, పార్టీయో, పారిష్‌యో తగులుతుంది. కొత్త కబురు అందరికీ ఒకేసారి తెలుస్తుంది. అలాంటి చోట నిజమైన బలహీన బంధం ఎవరితో? ఆ పారిష్‌కు, ఆ పార్టీకి, ఆ వంశాలకు చెందని పరాయివాడితో. అంటే సింధీ వర్తకునికి మాల్టీయులు ఉపయోగపడినట్టే, మాల్టీయులకు సింధీ వర్తకుడు ఉపయోగపడతాడు. అతని చేతిలో కోబె, మాంచెస్టర్, బొంబాయి ధరలు ఉన్నాయి. స్థానిక వర్తకునికి అందని సమాచారం అది. రోనల్డ్ బర్ట్ 1992లో ‘నిర్మాణపు ఖాళీలు’ అన్నది ఇటువంటి స్థానాన్నే. రెండు లోకాలు ఒకదాన్ని ఒకటి ఎరగనప్పుడు మధ్యలో నిలిచినవాడికి లాభం. వలస వ్యాపారి విజయాన్ని ‘వారికి సంబంధాలు ఎక్కువ’ అని వివరించడం అలవాటు. చిన్న దేశంలో వివరణ తలకిందులవుతుంది. స్థానికులందరికీ సంబంధాలు మితిమీరి ఉన్నచోట, కొన్ని సంబంధాలు లేకపోవడమే వలస వ్యాపారికి కలిసివచ్చింది.

దీనికి మాల్టా రాజకీయాలను కూడా కలిపి చూడాలి. ఓటు వేయడం తప్పనిసరి కాకపోయినా దశాబ్దాలపాటు తొంభై శాతానికి మించి పోలింగ్ జరిగిన దేశమది. లేబర్, నేషనలిస్ట్ పార్టీల మధ్య చీలిక కుటుంబాల్లోకి, బ్యాండు క్లబ్బుల్లోకి, దుకాణాల్లోకి దాకా వెళ్ళింది. 1971 నుంచి డామ్ మింటాఫ్ నాయకత్వంలోని లేబర్ ప్రభుత్వం దిగుమతులపై గట్టి నియంత్రణలు పెట్టి, కొన్ని సరుకులను ప్రభుత్వమే మొత్తంగా కొనే పద్ధతి తెచ్చింది. 1987లో ప్రభుత్వం మారాక ఆ నియంత్రణలు సడలాయి. ఆ పదహారేళ్ళలో బట్టల వ్యాపారికి లైసెన్సు ప్రాణవాయువు. స్థానిక వర్తకుడు ఏ పార్టీవాడో ఊరందరికీ తెలుసు. సింధీ వర్తకునికి పార్టీ పుట్టుకతో రాలేదు. రెండు వైపులా నమస్కారం పెట్టగల వెసులుబాటు అతనికి ఉంది, రెండు వైపుల నుంచీ అనుమానానికి గురయ్యే ప్రమాదమూ ఉంది. సింధీ వర్తక చరిత్రలో ఈ కాలానికి మరింత వివరమైన చోటు దక్కవలసింది. 1979 మార్చి 31న బ్రిటిష్ సైనిక స్థావరం మూతపడి నావికుల గిరాకీ ముగిసిన సందర్భం కూడా ఇందులోనే ఉంది కదా.

పరపతి

‘సామాజిక మూలధనం’ అనే అనువాదం కన్నా పనికివచ్చే మాట తెలుగులో ముందే ఉంది. పరపతి. సహకార పరపతి సంఘం అన్నప్పుడు అది అప్పు. పరపతి గల మనిషి అన్నప్పుడు అది పలుకుబడి. రెండు అర్థాలూ ఒకే మాటలో ఇమడటం కాకతాళీయం కాదు. అప్పు పుట్టించగలవాడే పలుకుబడి గలవాడు, పలుకుబడి ఉన్నవాడికే అప్పు పుడుతుంది. మూలధనం అన్నప్పుడు అది సొంతదారు పెట్టెలో ఉన్నట్టు ధ్వనిస్తుంది. పరపతి అన్నప్పుడు అది ఇతరులు ఇచ్చినది, ఇతరులు ఏ పూటైనా వెనక్కి తీసుకోగలిగినది.

ఈ తేడా సింధీ వర్తకుల చరిత్రలో ముఖ్యమైనది. మార్కోవిట్స్ గ్రంథంలో నాకు అన్నిటికన్నా విలువైన భాగం, నమ్మకం గురించిన తియ్యటి కథలను ఆయన అంగీకరించకపోవడం. యజమాని, గుమాస్తా మధ్య ఒప్పంద పత్రాలు ఉన్నాయి. హైదరాబాద్‌లో కుదుర్చుకొని రెండు మూడేళ్ళ కాలానికి పంపిన యువకులు దుకాణం పైనో పక్కనో కలిసి బతికారు, కంపెనీ పెట్టిన తిండి తిన్నారు, గడువు ముగిశాక ఇంటికి వెళ్ళారు. తగాదాలు కోర్టులకెక్కాయి. నమ్మకమే సమస్తమైతే ఇన్ని పత్రాలూ, ఇన్ని వ్యాజ్యాలూ ఎందుకు? గుమాస్తా తండ్రి, అన్నదమ్ములు యజమాని ఉన్న ఊళ్ళోనే ఉన్నారు. అక్కడ పరువు పోతే మరో కంపెనీలో కొలువు దొరకదు. ‘నమ్మకం’ అని మనం గౌరవంగా పిలిచేదానిలో పెద్ద భాగం ఈ తాకట్టు. దాన్ని తాకట్టు అని పిలిస్తేనే గుమాస్తా వైపు నుంచి చరిత్ర కనబడుతుంది. యజమానుల వంశవృక్షాలు గ్రంథాలకెక్కినంతగా గుమాస్తాల జీవితాలు ఎక్కలేదు.

విభజన తరువాత మరో మార్పు వచ్చింది. తిరిగి వెళ్ళడానికి సింధులో ఇల్లు లేదు. మగవారి మకాముగా ఉన్న దుకాణం కుటుంబ నివాసంగా మారింది. ఖండాంతర పెళ్ళిళ్ళ ద్వారా సంబంధాల అల్లిక సాగిందని పరిశోధకులు రాస్తారు. ఆ వాక్యంలో స్త్రీ రెండు కుటుంబాలను కలిపే దారం. కానీ పండుగకు ఎవరిని పిలవాలో, ఎవరి ఇంట్లో ఏ ఇబ్బంది ఉందో, ఏ సంబంధం ఖాయం చేస్తే ఏ బంధుత్వం బిగుస్తుందో నిర్ణయించే పని చేసినది ఎవరు? సంబంధాన్ని పోషించడమే వ్యాపారమని ఫాల్జన్ వాదన అయినప్పుడు, ఆ పోషణ భారం మోసినవారిని వ్యాపారుల లెక్కలో చేర్చవలసి ఉంటుంది. ఆయన సిద్ధాంతమే కోరుతున్న ఈ అడుగును వలస వ్యాపార సాహిత్యం ఇంకా గట్టిగా వేయలేదు.

మొహమాటం

పోర్టెస్ సామాజిక మూలధనపు చెడు ఫలితాలను నాలుగుగా చెప్పాడు. బయటివారిని దూరం పెట్టడం, సొంతవారి మితిమీరిన కోరికలు, వ్యక్తి స్వేచ్ఛకు అడ్డు, ఎదిగేవాణ్ణి కిందికి లాగే కట్టుబాట్లు. ఇవన్నీ పెద్ద దేశాల వలస పేటల నుంచి వచ్చిన పరిశీలనలు. అక్కడ భరించలేనివాడికి ఊరు మార్చే దారి ఉంది. మాల్టాలో పేట మారినా, గొజో దీవికి వెళ్ళినా అదే మనుషులు.

కాదనలేకపోవడం అనే స్థితికి తెలుగులో మొహమాటం అని పేరు. దీన్ని స్వభావ దౌర్బల్యంగా చూస్తాం కానీ దానిలో ఒక ఆర్థిక తర్కం ఉంది. ఈ రోజు కాదన్న మనిషి రేపు మరో పాత్రలో ఎదురవుతాడు. బాకీ గట్టిగా అడిగితే బాకీదారు పినతండ్రి రేవులో అధికారి కావచ్చు. పనివాణ్ణి తీసేస్తే ఆ వీధి గిరాకీ పోవచ్చు. బహుముఖ సంబంధాలున్న చోట ఒక తగాదా అన్ని ముఖాల్నీ చెడగొడుతుంది. అందుచేత అతి చిన్న దేశంలో వ్యాపారి పోగొట్టుకునేది ఎక్కువగా వసూలు కాని బాకీల్లో, కాదనలేక ఇచ్చిన ధరల్లో, వద్దనలేక పెట్టుకున్న మనుషుల్లో ఉంటుంది. ఖాతా పుస్తకంలో దీనికి ప్రత్యేకమైన పద్దు ఉండదు.

పరాయివాడికి ఈ మొహమాటం కొంత తక్కువ. పారిష్ పండుగలో పక్కన నడవవలసిన మనిషి కాదు కనుక బాకీ అడగగలడు. ఎడ్నా బోనాసిచ్ 1973లో ప్రతిపాదించిన మధ్యవర్తి అల్పసంఖ్యాకుల సిద్ధాంతం ఇటువంటి దూరాన్ని తిరిగి వెళ్ళిపోవాలన్న కోరికతో ముడిపెట్టింది. మాల్టా సింధీలకు తిరిగి వెళ్ళే చోటు 1947తోనే పోయింది. తరువాతి తరం లాటిన్ లిపిలో రాసే ఆ సెమిటిక్ భాషను ఇంటి భాషలా మాట్లాడుతూ పెరిగింది. భాష వచ్చినకొద్దీ, బడి స్నేహాలు పెరిగినకొద్దీ మొహమాటం కూడా వచ్చింది. స్థానికులలో కలవడం వల్ల వ్యాపారం సులువవుతుందన్న సాధారణ అభిప్రాయాన్ని ఇక్కడ ప్రశ్నించాలి. కలిసిపోయిన వలస వ్యాపారి తన పాత లాభస్థానాన్ని, అంటే ఏ పక్షానికీ చెందనితనాన్ని, కొంత కోల్పోతాడు. అప్పటి వరకు అతణ్ణి కాపాడిన దూరం స్థానంలో మరో రక్షణ కావాలి. చాలామంది చిల్లర బట్టల నుంచి టోకు దిగుమతికి, స్థిరాస్తికి మారడాన్ని ఈ కోణం నుంచి కూడా చదవవచ్చునని నా అభిప్రాయం. స్థిరాస్తిలో మొహమాటపు ఖర్చు చిల్లర దుకాణంలో కన్నా తక్కువ.

తెలుగు పరిశోధనకు సంబంధించి

షియాంగ్ బియావ్ 2007లో ప్రచురించిన గ్రంథం తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులను ఆస్ట్రేలియాకు పంపిన ‘బాడీ షాపింగ్’ కంపెనీలను పరిశీలించింది. ఆంధ్ర జిల్లాల్లో పోగైన కట్నాల సొమ్ము ఆ గొలుసులో ఎలా కలిసిందో ఆయన చూపాడు. సిడ్నీలో ఆ ఏజెంటుకీ, అతను తెచ్చిన కుర్రాడికీ మధ్య ఉన్నది సొంత ఊరి పరిచయమే. కానీ సిడ్నీ పెద్దది. పని దొరికాక కుర్రాడు ఏజెంటును వదిలించుకొని నగరంలో కలిసిపోగలడు. మాల్టాలో ఆ వెసులుబాటు లేదు. ఒకే రకమైన సంబంధం రెండు పరిమాణాల దేశాల్లో రెండు రకాలుగా పనిచేస్తుందన్నది ఈ పోలిక వల్ల తెలుస్తుంది. కోస్తా ఆంధ్ర రైతు పెట్టుబడిదారులపై కెరొల్ ఉపాధ్య 1988లో రాసిన వ్యాసం నుంచి నేటి వరకు కులం, బంధుత్వం, పెట్టుబడి కలిసిన తీరుపై మనకు మంచి ఆధారాలున్నాయి. వాటిని ఖండాంతర తెలుగు వ్యాపారాలకు అన్వయించేటప్పుడు వెళ్ళిన దేశపు పరిమాణాన్ని ఒక చలరాశిగా తీసుకున్న పరిశోధన కావాలి. డల్లాస్‌లో చూసినదాన్ని సీషెల్స్‌కు అంటగడితే కుదరదు.

2000 తరువాతి మాల్టా

ఫాల్జన్ గ్రంథం ఆగిన చోట మాల్టా మారడం మొదలైంది. 2004లో ఐరోపా సమాఖ్యలో చేరింది, 2008లో యూరో తీసుకుంది. 2021 జనగణనలో జనాభా 5,19,562. అందులో ఐదింట ఒక వంతుకు మించి విదేశీ పౌరులు, వారిలోని పెద్ద సమూహాలలో భారతీయులు ఒకరు. వీరు సింధ్‌వర్కీల వారసులు కారు. ఇళ్ళకు భోజనం చేరవేసేవారు, వృద్ధుల సంరక్షకులు, హోటళ్ళ సిబ్బంది. వీరిలో ఎక్కువమంది నివాసానుమతి ఒకే యజమానితో ముడిపడి ఉంటుంది. వీరికి సొంత మనుషుల అండ అనేదానికి చాలాసార్లు అర్థం నియామక ఏజెన్సీ, దానికి కట్టిన రుసుము. సింధు హైదరాబాద్ నుంచి మూడేళ్ళ ఒప్పందంపై వచ్చిన గుమాస్తాకు, ఈ అనుమతి పత్రంపై వచ్చిన కార్మికునికి మధ్య పోలిక ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించదగినది. గుమాస్తా పరువు తాకట్టు సొంత ఊళ్ళో ఉంది. ఇతని తాకట్టు మాల్టా ప్రభుత్వ కార్యాలయంలో ఉంది. అందరూ అందరికీ తెలిసిన దేశంలో ఎవరికీ తెలియని జనం ఒక లక్షకు పైగా చేరినప్పుడు, బొయ్‌సెవాన్ గీసిన ఆ దట్టమైన అల్లిక పక్కన దాదాపు సంబంధాలే లేని మరో మాల్టా ఏర్పడింది. వలెటాలోని పాత దుకాణదారు ఈ రెండు మాల్టాలలో దేనికి చెందుతాడో, కొత్తగా వచ్చిన తన దేశస్థుణ్ణి తనవాడని అంటాడో లేదో అతని దుకాణంలో పనికి కుదిరినవారి జాబితా చూస్తే తెలుస్తుంది.